నడివయస్సు స్త్రీల గుండెకు నడక చేయు మేలు – శాస్త్రము తెలిసికొన్న విధము

రక్తప్రసరణమును గూర్చి పాఠము చెప్పునపుడు మా కళాశాలలో విద్యార్థులచేత ఒక చిన్న ప్రయోగము చేయించుట నాకు అలవాటు. ప్రతివారును తమ మణికట్టు మీది నాడిని అరనిమిషము లెక్కించి, దానిని రెట్టించి వ్రాసికొందురు. తరువాత మూడంతస్తుల మెట్లు వడివడిగా ఎక్కి దిగి మరల లెక్కింతురు. కూర్చున్నపుడు డెబ్బది, ఎనుబది ఉన్న నాడి నూట ముప్పది దాటును. ఆటలాడు పిల్లలకు అది త్వరగా తగ్గును. తక్కినవారికి ఆలస్యముగా తగ్గును. ఈ తేడాను చూపి, క్రమము తప్పక శ్రమించు గుండెకు వ్యాధి తక్కువగా వచ్చుననియు, దీనిని స్పష్టముగా లెక్కకట్టి చూపినది లండను బస్సు కండక్టర్ల విషయములోననియు చెప్పుచుందును.

ఒకనాడు వెనుక బల్లనుండి ఒక విద్యార్థిని లేచి ఇట్లు అడిగినది: "సార్, మా అమ్మకు నలభై తొమ్మిదేళ్లు. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తుంది. ముట్లు ఆగిపోయి ఏడాదైంది. రోజూ నడవమని డాక్టరుగారు చెప్పారు. మీరు చెప్పిన కండక్టర్లందరూ మగవాళ్లే కదా, ఆ లెక్క అమ్మకు కూడా సరిపోతుందా?"

ప్రశ్న చిన్నది. కాని ప్రపంచ వైద్యశాస్త్రము ఆ ప్రశ్నను సరిగా అడుగుటకే అర్ధశతాబ్దము పట్టినది. ఆనాడు గంట మ్రోగుటచే తరగతిలో చెప్పలేకపోయిన సమాధానమును ఇక్కడ వ్రాయుచున్నాను.

మాదాపూరు తొలి తరము

1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించినారు. అప్పటికి ఆ చుట్టుపట్ల కనిపించినవి నల్లరాతి గుట్టలు, గుండ్లు, అక్కడక్కడ చెరువులు. నేడు గచ్చిబౌలి, కొండాపూరు, నానక్‌రాంగూడ, రాయదుర్గము వరకు అద్దాల మేడలు వ్యాపించినవి. కూర్చుండి తిన్నచో కొండలైనను కరగునని మన సామెత. మాదాపూరు కొండలు నిజముగనే కరిగినవి. కాని వాటిని కరగించి కట్టిన మేడలలో రోజంతయు కూర్చుండువారి నడుము కొలత మాత్రము కరుగుట లేదు.

ఇది పరిహాసము కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ నగరపు ఐ.టి. ఉద్యోగులను పరిశీలించి 2023లో ఫలితములు ప్రకటించినారు. వారిలో సుమారు నూటికి 46 మందికి, నడుము చుట్టుకొలత, రక్తపోటు, రక్తములోని చక్కెర, క్రొవ్వు మున్నగు వానిలో పలు లోపములు ఒకేసారి కనిపించినవి. దినమునకు ఎనిమిది గంటలకు మించి కూర్చుండువారు నూటికి 70 మందికి పైగా ఉన్నారు. వారమునకు 150 నిమిషముల వ్యాయామము చేయువారు నూటికి 22 మంది మాత్రమే. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయము వారు, ఏ.ఐ.జి. ఆసుపత్రి వారు కలిసి ప్రకటించిన మరియొక పరిశోధనలో 345 మంది ఉద్యోగులలో నూటికి 84 మందికి కాలేయములో క్రొవ్వు పేరుకొన్నట్లు తేలినది.

ఇక లెక్క చూడండి. 1998లో ఇరువది రెండేండ్ల వయస్సున ఆ మేడలో ఉద్యోగమునకు చేరిన యువతికి 2026 నాటికి యాబది ఏండ్లు. భారత స్త్రీలకు ముట్లుడుగు సగటు వయస్సు సుమారు 46, 47 సంవత్సరములు. అనగా సైబరాబాదు మహిళా ఉద్యోగుల తొలి తరము సరిగా ఇప్పుడే ఆ గట్టు దాటుచున్నది. మా విద్యార్థిని ప్రశ్న ఆమె ఒక్కతెది కాదు.

పడకనుండి కుర్చీకి, కుర్చీనుండి నడకకు

గుండెజబ్బునకు శ్రమ శత్రువా, మిత్రమా? ఈ విషయమున వైద్యులు చాలకాలము తడబడినారు. ఆంగ్ల వైద్యుడు విలియం హెబర్డెన్ గుండెనొప్పిని వర్ణించిన తొలివారిలో ప్రముఖుడు. ఆయన మరణానంతరము 1802లో వెలువడిన గ్రంథములో ఒక రోగి ప్రసక్తి ఉన్నది. ఆ రోగి ప్రతిదినము అరగంటసేపు రంపముతో కట్టెలు కోయుట నియమముగా పెట్టుకొని, దాదాపు స్వస్థత పొందినాడట. ఐనను తరువాతి వైద్యులు ఆ మాటను పట్టించుకొనలేదు. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధములో గుండెపోటు వచ్చినవారిని వారముల తరబడి మంచము మీదనుండి కదలనీయక పడుకొనబెట్టెడివారు. 1952లో అమెరికాలో సామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ అను వైద్యులు రోగిని పడకనుండి లేపి కుర్చీలో కూర్చుండబెట్టుటయే ఆనాడు సాహసముగా ఎంచబడినది.

పడకయే ఎంత చేటు చేయునో 1966లో డాలస్ నగరములో జరిగిన ప్రయోగము తేల్చినది. ఆరోగ్యవంతులైన ఐదుగురు యువకులను మూడు వారములు పడకపైననే ఉంచినారు. శరీరము ఒక నిమిషములో అత్యధికముగా వాడుకొనగల ఆమ్లజని పరిమాణము వారిలో నాలుగవ వంతునకు పైగా పడిపోయినది. ముప్పది సంవత్సరముల తరువాత ఆ ఐదుగురినే మరల పరీక్షించినారు. ముప్పదేండ్ల వార్ధక్యము చేసిన నష్టముకంటె ఆ మూడు వారముల పడక చేసిన నష్టమే ఎక్కువగా ఉండెను!

ఈ 'అత్యధిక ఆమ్లజని వినియోగము' అను కొలతయే వాయుసహిత వ్యాయామమునకు మూలము. వడిగా నడచుట, పరుగు, ఈత, సైకిలు త్రొక్కుట, మెట్లెక్కుట మున్నగు వానిలో పెద్ద కండరములు చాలసేపు లయబద్ధముగా పనిచేయును. వాటికి కావలసిన శక్తి చాలవరకు ఆమ్లజని సాయముతో పుట్టును. ఆ ఆమ్లజనిని ఊపిరితిత్తులు గ్రహింపవలెను, రక్తము మోయవలెను, గుండె నెట్టవలెను, కండరములు వాడుకొనవలెను. ఈ నాలుగింటిలో ఏది కుంటుపడినను పని కుంటుపడును. అమెరికా వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో 'ఏరోబిక్స్' అను పుస్తకము వ్రాసినప్పటినుండి ఈ పేరు లోకమున వ్యాపించినది.

కండక్టరు ఎక్కిన మెట్లు

ఆ పుస్తకమునకు పదునైదేండ్ల ముందే, 1953లో, జెర్మీ మోరిస్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లండను బస్సు ఉద్యోగుల ఆరోగ్య వివరములను ప్రకటించినాడు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. ఈ శతాబ్ది మొదటి వరకు మన హైదరాబాదులోను అట్టివి తిరిగెడివి. డ్రైవరు పనివేళలో నూటికి 90 పాళ్లు కూర్చుండియే ఉండును. కండక్టరు టిక్కెట్లకై దినమునకు 500 నుండి 750 మెట్లు ఎక్కును. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే పొగ, దాదాపు ఒకే విధమైన జీవనము. ఐనను డ్రైవర్లకంటె కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ. వచ్చినను అంత తీవ్రము కాదు.

ఇక్కడ ఉపాధ్యాయులు విద్యార్థులకు తప్పక చూపదగిన విశేషము ఒకటి ఉన్నది. 'మెట్లు ఎక్కుటవలన గుండె బాగుపడినదా, లేక మొదటినుండియు లావుగా ఉన్నవారే డ్రైవరు పని కోరుకొన్నారా?' అని మోరిస్ తన్ను తానే ప్రశ్నించుకొన్నాడు. ఉద్యోగమున చేరినపుడు ఇచ్చిన దుస్తుల కొలతలు తెప్పించి చూచినాడు. డ్రైవర్ల పంట్లాము నడుము కొలత మొదటినుండియే కొంత పెద్దది! 1956లో ఆ సంగతిని దాచక ప్రకటించినాడు. రెండు విషయములు కలిసి కనిపించినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. ఈ పాఠము మన కథలో మరల ఎదురగును.

మోరిస్ పరిశీలించినవారు పురుషులు. తరువాత రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ పరిశీలించిన ఓడరేవు కూలీలు, హార్వర్డ్ పూర్వవిద్యార్థులు కూడ పురుషులే. విద్యార్థిని సందేహము న్యాయమైనదే.

స్త్రీలను లెక్కలోనికి తెచ్చుట

స్త్రీ దేహము దీర్ఘశ్రమకు ఓర్వలేదని ఆనాటి అభిప్రాయము. 1928 ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్స్‌లో స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టినారు. పరుగు ముగించి కొందరు అలసిపోయినారన్న నెపముతో దానిని తొలగించి, మరల 1960 వరకు పెట్టలేదు. స్త్రీల మారథాన్ 1984లో గాని ఒలింపిక్స్‌లో చేరలేదు. గుండెజబ్బు మగవారి జబ్బను భావము వైద్యులలోను ఉండెను.

ఆ భావమును కదిలించినది అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అను చిన్న పట్టణము. 1948లో అక్కడ ఐదువేలమందికి పైగా స్త్రీపురుషుల ఆరోగ్యమును ఏండ్ల తరబడి పరిశీలించుట ప్రారంభమైనది. వారిలో స్త్రీలు 2,873 మంది. 1976లో ప్రకటించిన ఫలితము ఆశ్చర్యకరము. రెండు దశాబ్దములకు పైబడిన పరిశీలనలో, ముట్లు ఆగని స్త్రీ ఒక్కతెకైనను గుండెపోటు రాలేదు. ముట్లుడిగినవారిలో మాత్రము గుండెపోట్లు సాధారణముగా కనిపించినవి. 1987లో అమెరికా నర్సుల పరిశీలన దీనికి మరికొంత వివరము చేర్చినది. వయస్సును, పొగత్రాగుటను లెక్కలోనికి తీసికొన్నపుడు, సహజముగా ముట్లు ఆగినవారిలో అధికమైన అపాయము కనిపించలేదు. శస్త్రచికిత్సతో రెండు అండాశయములను తీసివేయబడి, హార్మోను వాడని స్త్రీలకు మాత్రము అపాయము రెట్టింపునకు మించినది.

కారణమేమి? అండాశయములు స్రవించు ఈస్ట్రోజన్ రక్తనాళముల లోపలి పొరపై పనిచేసి నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు పుట్టుటకు తోడ్పడును. ఆ వాయువువలన నాళము వదులై విప్పారును. దీని రహస్యమును విప్పిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చినది. ముట్లుడుగు కాలమున ఈస్ట్రోజన్ తగ్గగా నాళములు బిరుసెక్కును. క్రొవ్వు తొడలు, పిరుదులనుండి పొట్టవైపు మరలును. 1996లో అమెరికాలో మొదలైన మరియొక దీర్ఘ పరిశీలనలో, కడపటి ముట్టునకు ముందు వెనుకల ఏడాదిలో చెడు కొలెస్టరాల్ త్వరగా పెరుగుట కనిపించినది.

1989లో కూపర్ సంస్థకు చెందిన స్టీవెన్ బ్లెయిర్, అతని సహచరులు పదివేల పైచిలుకు పురుషులతోపాటు 3,120 మంది స్త్రీలను కదలు పట్టీపై నడిపించి, దేహదార్ఢ్యమును కొలిచి, తరువాత ఎందరు మరణించినారో చూచినారు. దార్ఢ్యము అత్యల్పముగా ఉన్నవారిలో మరణములు అత్యధికము. ఈ సూత్రము స్త్రీలకును వర్తించినది. రెండేండ్ల తరువాత, 1991లో, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు తొలి మహిళా సంచాలకురాలైన బెర్నడీన్ హీలీ ముట్లుడిగిన స్త్రీల కొరకే ఒక మహా పరిశీలనను ప్రారంభింపజేసినది. 50 మొదలు 79 ఏండ్ల వయస్సుగల 1,61,808 మంది స్త్రీలు అందులో చేరినారు.

2002: ఒక సంవత్సరము, రెండు వార్తలు

ఈస్ట్రోజన్ తగ్గుటయే చేటైనచో దానిని మాత్రగా ఇచ్చిన సరిపోవును కదా? తర్కము సొంపుగానే ఉన్నది. హార్మోను వాడు స్త్రీలకు గుండెజబ్బు తక్కువని అంతకుముందటి పరిశీలనలు కూడ చెప్పినవి. లక్షలాది స్త్రీలు వాడినారు. కాని 1998లో, అప్పటికే గుండెజబ్బు ఉన్న 2,763 మందిపై జరిగిన పరీక్షలో ప్రయోజనము కనిపించలేదు. 2002 జూలైలో మహా పరిశీలనవారు 16,608 మందిపై జరుపుచున్న హార్మోను పరీక్షను నడుమనే ఆపివేసినారు. మాత్ర తీసికొన్నవారిలో గుండెజబ్బు తగ్గకపోగా, ఏడాదికి పదివేలమందిలో ఏడుగురికి అధికముగా వచ్చినది. చీట్లు వేసినట్లు యాదృచ్ఛికముగా స్త్రీలను రెండు జట్లు చేసి పరీక్షించుటవలననే ఈ నిజము బయటపడినది. వెనుకటి పరిశీలనలలో హార్మోను వాడినవారు చాలవరకు చదువు, సంపద, ఆరోగ్యశ్రద్ధ ఉన్నవారు. మోరిస్ పంట్లాముల పాఠము ఇదే. ముట్లుడిగిన తొలి సంవత్సరములలో మొదలుపెట్టిన హార్మోను ఫలితము వేరుగా ఉండవచ్చునని తరువాతి విశ్లేషణలు తెలిపినవి. కనుక అది వైద్యుడు రోగిని చూచి నిర్ణయింపవలసిన విషయము.

అదే సంవత్సరము సెప్టెంబరులో, అదే మహా పరిశీలననుండి రెండవ వార్త వెలువడినది. జోఆన్ మాన్సన్, ఆమె సహచరులు 73,743 మంది స్త్రీల నడకను, వ్యాయామమును, గుండెజబ్బులను లెక్కించినారు. వారమునకు రెండున్నర గంటలు వడిగా నడచువారికి హృదయ, రక్తనాళ వ్యాధులు సుమారు నూటికి 30 పాళ్లు తక్కువ. కఠిన వ్యాయామము చేయువారికిని దాదాపు అంతే మేలు. ఎక్కువ గంటలు కూర్చుండుట మాత్రము అపాయమును పెంచినది. మాదాపూరు కుర్చీలకు ఈ కడపటి మాట సూటిగా తగులును.

ఐతే నడచువారు మొదటినుండియే ఆరోగ్యవంతులేమో? పంట్లాముల ప్రశ్నను నడకకును వేయకపోయినచో మనము న్యాయము తప్పినవారమగుదుము. డాలస్‌లో కూపర్ సంస్థవారు ఆ ప్రశ్న వేసినారు. బరువు అధికముగా ఉండి, రక్తపోటు హెచ్చుగా ఉండి, వ్యాయామమెరుగని 464 మంది ముట్లుడిగిన స్త్రీలను యాదృచ్ఛికముగా నాలుగు జట్లు చేసినారు. ఒక జట్టుకు వ్యాయామము లేదు. తక్కిన మూడు జట్లు వారమునకు సుమారు 72, 136, 192 నిమిషముల చొప్పున ఆరు మాసములు నడచినారు, సైకిలు త్రొక్కినారు. 2007లో ఫలితము వెలువడినది. ఆమ్లజని వినియోగశక్తి వరుసగా నూటికి 4.2, 6.0, 8.2 పాళ్లు పెరిగినది. మోతాదు పెరిగినకొలది ఫలితము పెరిగినది. దినమునకు పది నిమిషములైనను వృథా కాలేదు. ఆ స్త్రీలను యాదృచ్ఛికముగా జట్లు చేసినారు గనుక, ఇక్కడ కారణము వ్యాయామమే అని చెప్పవచ్చును.

వ్యాయామము చేయలేనిది

శాస్త్రము ఒకవైపే చూపరాదు. ఆ డాలస్ పరీక్షలో రక్తపోటు చెప్పుకొనదగినంత తగ్గలేదు. 2001లో ప్రకటించిన మరియొక చిన్న పరీక్షలో, దినమునకు మూడు కిలోమీటర్లు అదనముగా నడచిన ముట్లుడిగిన స్త్రీలకు 24 వారములలో పై రక్తపోటు సుమారు 11 మిల్లీమీటర్లు తగ్గినది. కనుక అందరిలో ఒకే విధమైన ఫలితము ఆశింపరాదు. నడచుచున్నామని రక్తపోటు మాత్రలను తమంతట తాము మానివేయుట ప్రమాదము.

మరియొకటి. వయస్సు మళ్లిన పురుషులు క్రమముగా వ్యాయామము చేసినచో నాళముల లోపలి పొర చక్కగా విప్పారును. ముట్లుడిగిన స్త్రీలలో, ఈస్ట్రోజన్ లేనపుడు, ఆ మెరుగు అంతగా కనిపించలేదని 2013లో కొలరాడో విశ్వవిద్యాలయమునకు చెందిన కెర్రీ మోరో, ఆమె సహచరులు తెలిపినారు. పురుషులపై తీసిన లెక్కను స్త్రీలకు యథాతథముగా అన్వయింపరాదని దీనివలన ఋజువగుచున్నది. మా విద్యార్థిని అనుమానము సగము నిజము.

మరి మేలు ఎక్కడినుండి వచ్చుచున్నది? ఒక్క త్రోవ మూసికొన్నను వేరు త్రోవలు పెక్కు ఉన్నవి. అలవాటైన గుండె ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తము నెట్టును గనుక విశ్రాంతివేళ నాడి నెమ్మదించును. కండరములలో సన్నని రక్తకేశనాళికలు పెరుగును. శక్తిని పుట్టించు మైటోకాండ్రియాలు వృద్ధి పొందును. ఇన్సులిన్ చక్కగా పనిచేసి రక్తములోని చక్కెర అదుపున ఉండును. పొట్ట లోపలి క్రొవ్వు తగ్గును. పెద్ద ధమనుల బిరుసు తగ్గును.

మన గడ్డమీద

ఇది పాశ్చాత్య దేశముల గొడవ అనుకొనరాదు. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల 45 గ్రామములలో మరణ కారణములను విచారించగా, ప్రతి మూడు మరణములలో దాదాపు ఒకటి రక్తప్రసరణ వ్యాధులవలననే. 2004లో 52 దేశముల గుండెపోటు రోగులను పరిశీలించిన 'ఇంటర్‌హార్ట్' అధ్యయనములో, పురుషులకంటె స్త్రీలకు తొలి గుండెపోటు సుమారు తొమ్మిదేండ్లు ఆలస్యముగా వచ్చుచున్నదనియు, దక్షిణాసియా వారికి ఇతరులకంటె ఐదారేండ్లు ముందుగా వచ్చుచున్నదనియు తేలినది. శరీరశ్రమ రక్షించు అంశములలో ఒకటిగా నిలిచినది.

తెలుగు స్త్రీల విషయమున ఇంకొక ఆందోళన కలదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటికి నూటికి 3.2 మంది కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. అది దేశముననే అత్యధికము. గర్భసంచితోపాటు అండాశయములు కూడ తీసివేసినచో ఆ దినముననే ముట్లుడిగిన దశ వచ్చును. వాటిని ఉంచినను, అవి రావలసిన కాలమునకంటె ముందుగా పని మానవచ్చును. నర్సుల పరిశీలన ఏమి చెప్పినదో మీకు జ్ఞాపకమున్నది. నలువది దాటకమునుపే శస్త్రచికిత్స చేయించుకొన్న పల్లె స్త్రీకి, ఏసీ గదిలో కూర్చుండు పట్టణ స్త్రీకి ఈ విషయమున ప్రమాదము ఒక్కటియే, కారణములు వేరు. పొలమున నాట్లు వేసిన చేతులు నగరమున అంతస్తుల ఇంటిలో కోడలికి తోడుగా వచ్చి కూర్చున్నపుడు ఆ రెండు కారణములును ఒక్కచోట చేరును.

"ఇంటిపని చేస్తూనే ఉన్నాను కదా, మళ్లీ వ్యాయామం ఎందుకు?" అని మన తల్లులు అడుగుదురు. ఇంటిపని శ్రమయే, సందేహము లేదు. కాని వంట, గిన్నెలు, బట్టలు మడచుట గుండెను పది నిమిషములు ఏకధాటిగా వేగముగా కొట్టుకొననిచ్చుట అరుదు. దీనికి యంత్రమక్కరలేని పరీక్ష ఒకటి ఉన్నది: నడచుచు మాటలాడగలుగవలెను, పాట మాత్రము పాడలేకపోవలెను. అదియే తగిన వేగము. వారమునకు 150 నుండి 300 నిమిషములు ఇట్లు శ్రమింపవలెనని, రెండు దినములు కండరములకు బలమిచ్చు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

సైబరాబాదులో అవకాశములు లేకపోలేదు. కొత్తగూడ వృక్షోద్యానము ఉన్నది. దుర్గముచెరువు గట్టు ఉన్నది. 2023 అక్టోబరులో వలయ రహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట తెరచినారు. 2019లో మెట్రో రైలు హైటెక్ సిటీకి, రాయదుర్గమునకు వచ్చినది. ఆ స్టేషన్లు ఎత్తున ఉన్నవి. వాటికి మెట్లును ఉన్నవి, కదిలెడి మెట్లును ఉన్నవి. ఏవి ఎక్కవలెనో లండను కండక్టరు మనకు డెబ్బదేండ్ల క్రిందటనే చెప్పినాడు.

జాగ్రత్తలు రెండు. నడచునపుడు రొమ్ము పట్టినట్లున్నను, ఎన్నడు లేని ఆయాసము, దవడ నొప్పి, వెన్ను నొప్పి, వాంతి, విపరీతమైన నీరసము కలిగినను వెంటనే ఆగి వైద్యుని చూడవలెను. స్త్రీలలో గుండెపోటు తరచు ఈ వేషములలో వచ్చును గనుకనే దానిని అజీర్ణమని త్రోసివేయుట జరుగుచున్నది. రెండవది రక్తహీనత. 2019–21 సర్వే ప్రకారము ఉభయ తెలుగు రాష్ట్రములలోను 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగము మందికి పైగా రక్తహీనత ఉన్నది. ఆమ్లజనిని మోయు రక్తమే పలుచనైనచో గుండె అధికముగా శ్రమపడును. కనుక పరీక్ష చేయించుకొని, దానిని సరిచేసికొనుచు, నెమ్మదిగా మొదలుపెట్టవలెను.

ఆ విద్యార్థినికి మరునాడు నేను చెప్పిన మాట ఇది: "కండక్టర్ల లెక్క మీ అమ్మకు సరిపోదమ్మా. కాని ముట్లుడిగిన స్త్రీలు డెబ్బదిమూడు వేలమంది లెక్క వేరే ఉన్నది, అది సరిపోవును." ఆమె కాగితముపై ఒక పట్టిక గీసికొని, వారమునకొకసారి తల్లి నాడిని, నడకకు ముందు, నడచిన వెంటనే, మరి ఐదు నిమిషములకు, లెక్కించుట ప్రారంభించినది. ఉపాధ్యాయులు ఈ పట్టికను తమ తరగతిలో ప్రతి విద్యార్థి చేతను ఇంట చేయింపవచ్చును. పన్నెండు వారములకు ఆ మూడు అంకెలు ఎట్లు మారినవో గ్రాఫు గీయించండి. పిల్లలకు శరీరధర్మ శాస్త్రము పట్టుబడును. ఆ గ్రాఫు నిండవలెనన్నచో, తల్లి ప్రతిదినము ఇల్లు విడిచి అరగంట నడువక తప్పదు.